మంచివాడైపోయిన వీరుడు

అన్నయ్య ఆసుపత్రికి వెళ్లే ముందు గేమ్ క్యాసెట్‌లో సేవ్ చేసి దాచి వెళ్లిన ఆటను ఎవరో చెరిపేసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి దాని స్థానంలో పెట్టారు.

ఆ సంగతి చెల్లెలికి ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు. గేమ్ క్యాసెట్ లోపలి బ్యాటరీ పాతదైపోయింది. అది పూర్తిగా పోయేలోగా ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తానని రిపేరు షాపతను మాటిచ్చాడు. తీసుకెళ్లే ముందు ఒకసారి చూసుకుందామని పెట్టింది.

ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వే ఆట. వేలిగోరంత వీరుడు. పచ్చ గళ్లు చెట్లు, నీలం గళ్లు నీళ్లు. ఆగకుండా తిరిగే ఒకే ఒక్క పాట. వీరుడికి కత్తి దూయడం కూడా రాదు; శత్రువును వెళ్లి గుద్దుకోవడమే యుద్ధం. తెర పక్కన మూడు గీతలు: ప్రాణం, బలం, మంచితనం. దారిన పోయే అమాయకుల్ని గుద్దితే మంచితనం తరిగిపోతుంది. అన్నయ్య అడ్డమొచ్చిన వాళ్లెవరినీ వదిలేవాడు కాదు. అతని వీరుడి మంచితనం ఎప్పుడూ సున్నాయే.

ఇప్పుడు వీరుడు అన్నయ్య ఆపి వెళ్లిన అదే గుహలో, అదే పాము ఎదుట నిలబడి ఉన్నాడు. మంచితనం గీత మాత్రం నిండుగా ఉంది.

ఆసుపత్రి నుంచి తిరిగి రాని అన్నయ్య గొంతు ఏ టేపులోనూ లేదు. అతను స్వయంగా చేసి వదిలిన పని ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. అందుకే ఇన్నేళ్లూ ఆమె ఎప్పుడో ఒకసారి పెట్టి చూడ్డమే తప్ప బొత్తాం ముట్టుకోలేదు.

“నావంక అలా చూస్తావేంటి?” అన్నాడు భర్త. “ఆ ఆటలో మొదటి పురుగే నన్ను మింగేసింది. నువ్వే పొట్ట పట్టుకుని నవ్వావు.”

“మరి ఇంట్లో ఇంకెవరున్నారు?”

“మీ నాన్నగారా? టీవీ సౌండ్ పెంచడానిక్కూడా నన్నే పిలుస్తారు. ఆయన్ని అనుమానిస్తే కళ్లు పోతాయి.”

తండ్రి బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పక్క గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆమె పిలిస్తే తువ్వాలుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నాన్నా, దీన్ని నువ్వు ముట్టుకున్నావా?”

“నాకేం తెలుసమ్మా ఇవన్నీ?”

ఆమె జాయ్‌స్టిక్ తీసుకుని వీరుణ్ణి నేరుగా పాము మీదికి నడిపించింది.

“ఆపు! వెనక్కి తియ్! అది నిప్పు ఊదుతుంది!” అని అరిచాడు తండ్రి.

భర్త నోరెళ్లబెట్టాడు. ఆమె బొత్తాం వదిలేసింది.

“అదెట్లా తెలుసు నీకు?”

తండ్రి చేతిలోని తువ్వాలును మళ్లీ మడతపెట్టసాగాడు.

“మంచితనం ఎందుకు నిండిపోయింది నాన్నా? అన్నయ్య అందర్నీ గుద్దుకుంటూ పోయేవాడుగా?”

“వాళ్లు దారిన పోయేవాళ్లమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “అడ్డమొస్తే మనం ఆగాలి గానీ, మీదికెట్లా పోనిస్తాం?”

“అయితే అన్నయ్యది ఏమైంది?”

ఆయన కుర్చీ అంచున కూలబడ్డాడు.

“నేనేనమ్మా. నువ్వు డ్యూటీకి వెళ్లాక పెట్టుకుని చూసేవాణ్ణి. ఎప్పుడు పెట్టినా ఆ పాము ముందు, రవ్వంత ప్రాణంతో, అలాగే నిలబడి ఉండేవాడు. చూడలేకపోయా. ఆసుపత్రిలో ఎటూ చేతగాలేదు, ఇక్కడైనా నాలుగడుగులు ఇవతలికి లాగుదామనుకున్నా. ఏ బొత్తాం ఎటు తిప్పుతుందో తెలీదు. వాడు నేరుగా దాని మీదికే పోయాడు. చస్తే దాచిందంతా పోతుందని నాకెవరు చెప్పారు? తెర నల్లబడిపోయింది. నీకు చెప్పే ధైర్యం లేక, మొదట్నుంచీ నేర్చుకుని ఆడి, వాణ్ణి మళ్లీ అక్కడికే తెచ్చి నిలబెట్టా. నిన్ను మోసం చేశా. దానికి నువ్వెన్ని తిట్టినా పడతా. కానీ ఇంకోటి కూడా విను. ఆడినన్నాళ్లూ నాకు హాయిగా ఉందమ్మా. మొదట్లో వాడి కోసమే అనుకున్నా. రానురాను నా కోసం ఆడా. వాడిది నేనే పోగొట్టానన్న మాటే మర్చిపోయి ఆడా.”