మాస్టారు ఇచ్చిన పాస్‌వర్డు

సోమవారం పొద్దున విశ్వవిద్యాలయంలో ఎవరికీ ఒక్క పరిశోధన వ్యాసం కూడా తెరుచుకోలేదు. ఆ వ్యాసాల పత్రికలు అమ్మే కంపెనీ తలుపులు మూసేసి, లైబ్రేరియన్ ఇర్మా థీసెన్‌కు ఉత్తరం పంపింది. మీ వాళ్ళలో ఒకరి పాస్‌వర్డుతో రెండు రోజుల్లో నలభై ఒక్క వేల వ్యాసాలు, అందరికీ ఊరికే పంచిపెట్టే దొంగ సైటుకు చేరాయి, ఆ ఖాతా సంగతి తేల్చేదాకా ఎవరికీ ఏమీ ఇవ్వం, అని. వ్యాసాలు రాసేది ప్రొఫెసర్లు, తప్పులు దిద్దేది ప్రొఫెసర్లు, అమ్ముకునేది కంపెనీ. కోపం మాత్రం కంపెనీకే.

ఖాతా ఎవరిదో కనుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. ఒరెస్ట్ హలుష్కా. ఎనభై నాలుగేళ్ళ మనిషి. గోధుమ తుప్పు తెగులు గురించి మానిటోబా రాష్ట్రమంతటా ఆయన మాటే వేదం. ఇర్మాకు మొదటి ఏడాది పాఠం చెప్పిందీ ఆయనే. రిటైరై ఇన్నేళ్ళైనా కొత్త వ్యాసం చదవందే ఆయనకు పొద్దు గడవదు.

పాస్‌వర్డు ఎవరికైనా ఇస్తే ఖాతా శాశ్వతంగా రద్దు. ఎవరైనా దొంగిలిస్తే మాత్రం కొత్తది ఇవ్వొచ్చు. ఆ సందు చూసుకొని ఇర్మా మంచు తొక్కుకుంటూ ఆయనింటికి వెళ్ళింది.

ఆయన కజ్జికాయల్లాంటి పెరోగీలు వేయించి, పుల్ల మీగడతో ముందు పెట్టాడు.

"మాస్టారూ, మీ పాస్‌వర్డు ఎవరో కొట్టేశారు. కదూ?"

"కొట్టేయడమేంటమ్మా? నేనే ఇచ్చా."

"ఎవరికి?"

"ఎవరో మరి. వాళ్ళ దగ్గర తెగులొచ్చి పంట పోతోందట. వ్యాసాలు కొనుక్కోలేమని రాశాడు. పాపం అనిపించింది."

"వాడు నలభై ఒక్క వేలు లాగాడు!"

"అబ్బో! బాగా చదివేవాడే."

"నవ్వకండి. దొంగిలించారని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. లేకపోతే మీ ఖాతా నా చేత్తోనే మూయాలి."

"అరవై ఏళ్ళు అంకెల్లో అబద్ధం రాయనివాణ్ణి, ఇప్పుడు అక్షరాల్లో రాయమంటావా? మూసెయ్. ముందు తిను, చల్లారిపోతోంది."

మధ్యాహ్నానికి విశ్వవిద్యాలయంలో అందరికీ వ్యాసాలు తెరుచుకున్నాయి, ఆయనకు తప్ప. ముసలాయన కళ్ళజోడు లాక్కున్నట్టనిపించి ఇర్మాకు ఏడుపొచ్చింది. ఉక్రోషంతో కంపెనీ ఒప్పందం తీసి అక్షరం అక్షరం చదివింది. పంతొమ్మిదేళ్ళుగా ఏటా తను సంతకం పెడుతున్న కాగితమే. ఇరవై మూడో పేజీలో ఉంది. లైబ్రరీ భవనంలోకి వచ్చినవారెవరైనా అక్కడి కంప్యూటరు మీద చదువుకోవచ్చు, పాస్‌వర్డు అక్కర్లేదు. ఆమెకు తెలియని వాక్యం కాదు. ఎవరూ వాడరు గనక మరిచిపోయింది, అంతే. వెంటనే మాస్టారికి ఫోను చేసింది.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసే వేళకే మాస్టారు వచ్చాడు. కోటు విప్పడం కూడా మరిచి రెండు వ్యాసాలు చదివి, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ లేచాడు.

"నా ఖాతా పోయిందిగా, మరి ఇక్కడెలా వస్తున్నాయి?"

"తలుపు తోసుకొని వచ్చినవాళ్ళందరికీ వస్తాయి మాస్టారూ. ఒప్పందంలోనే ఉంది."

"అందరికీ అంటే? బస్సు నడిపేవాడికైనా?"

"ఎవరికైనా."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

దొంగ సైటువాళ్ళను ఇర్మా తిట్టని రోజు లేదు. వాళ్ళ దగ్గరికి జనం ఎందుకు పోతున్నారని ఒక్కనాడూ తనను తాను అడగలేదు. పెద్ద అట్టముక్క తీసి, 'ఎవరైనా లోపలికి రావచ్చు, ఏ వ్యాసమైనా చదువుకోవచ్చు' అని లావు అక్షరాలతో రాసి, తలుపుకు బయటివైపు అంటించింది.

గురువారం బట్టలుతికే దుకాణంలో పనిచేసే ఒకావిడ టోపీ మీది మంచు దులుపుకోకుండానే గుమ్మంలో నిలబడింది. చేతిలో మడతపెట్టిన చీటీ.

"మా అక్కకు ఏదో జబ్బని చెప్పారండీ. డాక్టరు చెప్పింది సగం అర్థం కాలేదు. ఎవరైనా రావచ్చని బయట రాశారు. నాలాంటివాళ్ళు కూడానా?"

ఇర్మా నోరు తెరిచేలోపే మాస్టారు తన కుర్చీ ఖాళీ చేశాడు.

"నీలాంటివాళ్ళ కోసమేనమ్మా. కూచో. ఆ జబ్బు పేరు రాసిన చీటీ ఇలా ఇవ్వు, ఇద్దరం కలిసి చదువుదాం."

ఇర్మా ఇంకో కుర్చీ తెచ్చి ఆవిడ పక్కన వేసింది.