ఓబులేసు లేసింటాడు

"లెయ్‌ప్పా. ఓబులేసు లేసింటాడు."

సుంకమ్మ రోజూ ఈ మాటతోనే మొగుణ్ణి లేపుతుంది. ముందు పాదం పట్టుకుని ఊపుతుంది, తర్వాత దుప్పటి లాగుతుంది, చివరికి ఈ మాట అంటుంది. కోడి కూసినా లేవని మద్దిలేటి ఆ పేరు వింటే లేస్తాడు. లేచి మంచం పట్టె మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నేల చూస్తూ ఉండిపోతాడు. అరిగిపోయిన మనిషి. మెడ కింద గుంటలు, తడిలో నాని నాని పాలిపోయిన ముంజేతులు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని తెల్ల బురద.

ఆ రోజూ ఆమె స్టీలు గ్లాసు చేతికిచ్చింది. నానబెట్టిన వేరుశనగ గింజలు. అతను నమిలి మింగేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత బెల్లం వేసిన రాగిజావ, ఆ తర్వాత బి కాంప్లెక్సు బిళ్ళ. ఆదివారం మునగాకు, చలికాలం ఖర్జూరం. అలసట పోవాలంటే పొద్దుటి ఎండలో నడవాలని ఫోనులో ఎవరో డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి వీధి చివరిదాకా నడక కూడా. ఖాళీ గ్లాసు కడిగి, మర్నాటికి పిడికెడు గింజలు అప్పుడే నానవేసి, మూత పెట్టి గూట్లో ఉంచింది. రాత్రికి ఒళ్ళు అలిసి మరిచిపోతానేమోనని ఆమె భయం.

"కాళ్ళు లాగుతాండాయి మే," అన్నాడు మద్దిలేటి.

"వానికి లాగవా? అయినా టీ అంగడి కాడికి నడిచి పోతాండాడంట. ఏసమ్మ చెప్పింది."

ఏసమ్మది ఆళ్ళగడ్డలో ఓబులేసు మేస్త్రీ ఎదురిల్లు. ఒకప్పుడు వీళ్ళకూ ఇరుగుపొరుగే. వాడు దగ్గినా, చేతికర్ర పట్టినా, కర్ర పారేసినా నంద్యాలకు ఫోను వస్తుంది. మద్దిలేటికి బిళ్ళ ఎలాగో సుంకమ్మకు ఆ ఫోను అలాగే.

పగకు కారణం చిన్నదేమీ కాదు. ఆళ్ళగడ్డలో మద్దిలేటి, ఓబులేసు జోడుగా బండలకు పాలిష్ పట్టేవాళ్ళు. మద్దిలేటి పచ్చకామెర్లతో మంచాన పడ్డ ఏడు ఓబులేసు ఇంటికి వచ్చాడు. పలకరించడానికి వచ్చాడనుకుని ఆమె చాప వేసింది. వాడు కూర్చోలేదు. మూలనున్న ఉమ్మడి పాలిష్ మిషనును బయటికి దొర్లించుకున్నాడు.

"వానికింగ ఇదెందుకు మే? ఉగాది సూడడు వాడు. నీ గాజులు ఇంగ నాలుగు దినాలు మోగుతాయి, మోగించుకో."

ఆ మాటే కూలీలు నిలబడే అడ్డాలోనూ చెప్పాడు. చచ్చేవాణ్ణి పనికి పిలిచేదెవరు? మద్దిలేటి లేచి తిరుగుతున్నా ఎవరూ పిలవలేదు. ఆ ఏడంతా ఆమె పత్తి తీసి, మిరపకాయలు కోసి ఇద్దరి కడుపులూ నింపింది. ఊరు విడిచి నంద్యాలకు వచ్చే రోజు ఓబులేసు వాకిట్లో నిలబడి చెప్పింది.

"నీ దినం కూడు నా మొగుని పక్కన కూసోని తింటా. తినకపోతే నా పేరు సుంకమ్మ గాదు."

ఓబులేసు నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరవలేదు. మద్దిలేటి మాత్రం ఎప్పుడో మరిచాడు. "పోనీలే మే, నోరు జారినాడు," అని ఒకసారి అన్నాడు కూడా. ఆ పొద్దు అతని జావలో బెల్లం పడలేదు.

బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. సుంకమ్మ పద్ధతి వేరు. బలుసాకు తినిపించైనా వీణ్ణి వాడికన్నా ఒక రోజు ఎక్కువ బతికించాలి. వేసవిలో ఒక డాక్టరు గుండె బలహీనంగా ఉంది, బరువు పని మానెయ్యాలి అన్నాడు. బయటికి వచ్చేసరికి ఆమెకు మాత్రల సంగతే గుర్తుంది. పడుకున్న మనిషిని లోకం బతికుండగానే పాతిపెడుతుందని ఆమె ఆళ్ళగడ్డలో కళ్ళారా చూసింది. అందుకే మాత్రలూ వేసింది, పనికీ తీసుకుపోయింది.

ఈ వారం పని గోస్పాడు రోడ్డులో, ప్రసన్నకుమారి టీచరు కట్టుకుంటున్న ఇంట్లో. నేలంతా బేతంచెర్ల బండలు. మద్దిలేటి మిషను పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఆమె మగ్గుతో నీళ్ళు పోస్తూ, ఊరిన తెల్ల బురదను పక్కకు నెడుతోంది. పని చూడటానికి వచ్చిన టీచరు గుమ్మంలో ఆగింది.

"పెద్దాయన మొహం పాలిపోయింది. రెండు రోజులు ఇంటి దగ్గర ఉంచమ్మా."

"ఉంచితే ఇంగ లెయ్యడు మేడం. నాకు తెలుసు."

టీచరు వెళ్ళిన కాసేపటికి ఫోను మోగింది.

"సుంకమ్మా, ఓబులేసు పాయ," అంది ఏసమ్మ. "తెల్లారి గడ్డం గీయించుకుంటా కుర్చీలోనే వాలిపాయ."

సుంకమ్మకు సంతోషం కలిగింది. ఒళ్ళంతా సంతోషమే, అందులో దాచుకునేదేమీ లేదు. తడి చేతిని ఒకసారి పైకెత్తి విదిలించింది. గాజులు మోగాయి. పోయి మిషను స్విచ్చి ఆపింది.

"సచ్చినాడు."

"ఎవురు?"

"ఎవురేంది? ఓబులేసు."

మద్దిలేటి పిడి వదల్లేదు. తడి బండల వంక చూస్తూ నిలబడ్డాడు. పాపం అంటాడేమో, అంటే దులిపెయ్యాలని ఆమె సిద్ధంగా ఉంది. అతను ఆ మాట అనలేదు.

"నిజంగానా?"

"ఏసమ్మ కండ్లారా సూసి చెప్తాంది."

"అయితే ఇంగ నేను పండుకోవచ్చునా మే?"

ఆమె నవ్వింది. ఇన్నేళ్ళలో అతను అడిగిన కోరిక అదొక్కటే.

"పో, పండుకో. ఈ పూటకు నీకు సెలవు."

అతను తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. గోడ నీడలో ఉన్న ఇసుక కుప్ప మీద తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మిగిలిన మూల తానే పూర్తి చేద్దామని సుంకమ్మ పిడి పట్టుకుంది. ఎన్నేళ్ళుగానో పక్కన నీళ్ళు పోసిందే గానీ పిడి పట్టి ఎరగదు. మిషను ఆమెను అడ్డంగా ఈడ్చింది. రెండు బండలకే భుజాలు పీకాయి. ఇంత బరువా ఇది అనుకుంది. అనుకుంటూనే దినం భోజనం గురించి ఆలోచించింది. ఆకుపచ్చ చీర కట్టాలి. మద్దిలేటికి ఉతికిన పంచె కట్టించాలి. మొదటి బంతిలోనే కూర్చోవాలి. వడ్డించేవాణ్ణి ఆపి, ఇంకా కొంచెం వెయ్యి అని ఇల్లంతా వినపడేట్టు అడగాలి.

ఎండ వాలింది. సాయంత్రం మాత్ర, చెంబుతో నీళ్ళు పట్టుకుని ఇసుక దగ్గరికి పోయింది.

"లెయ్‌ప్పా."

పాదం పట్టుకుని ఊపింది. లాగడానికి దుప్పటి లేదు.

"లెయ్‌ప్పా, ఓబులేసు..."

మాట అక్కడే ఆగింది. అతన్ని లేపడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. పాదం చల్లగా ఉంది. ఇసుక చలువ అనుకుంది మొదట. తర్వాత ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, చీకటి పడి టీచరు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు మట్టి చేసి వచ్చాక, పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే చెప్పింది. "వాని కన్నా ఒక పూట ఎక్కువే బతికినాడు." వాళ్ళకు అర్థం కాలేదు. అర్థమైన ఏసమ్మ ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కి వచ్చి, పక్కన కూర్చుని, మెల్లగా చెప్పింది.

"ఇద్దరి దినాలూ ఒకే పొద్దు పడ్తాండాయి సుంకమ్మా."

సుంకమ్మ గాజుల వంక చూసుకుంది. ఆ పొద్దున ఆళ్ళగడ్డలో మొదటి బంతి లేస్తుంది, ఇక్కడ ఇవి తీస్తారు. వాడన్న మాట వాడు పోయాక నెగ్గింది. దాన్ని నెగ్గించింది తన చేతులే. "రొండు దినాలు పండుకోనిచ్చింటే..." అంది. ఏసమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

అందరూ పోయాక నీళ్ళ కోసం లేచి గూటి దగ్గరికి వెళ్ళింది. స్టీలు గ్లాసు మీద మూత అలాగే ఉంది. తీసి చూస్తే గింజలు నీళ్ళన్నీ పీల్చుకుని ఉబ్బి, పొట్టు చిట్లి, ఒక్కొక్కటీ తెల్లగా మొలకెత్తి ఉన్నాయి.