బొటనవేలికి ఒక పంక్తి

ఆరోగ్య ప్రదర్శన నాటి ఉదయం పురమందిరంలో హాజరైనవారిని వచ్చిన వరుసలోనే పేర్కొంటాను. మొదట నేను, ప్రభుత్వ ముద్రణాలయంలో ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్ది, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నా వెనుక రెండడుగుల దూరంలో, ఎనిమిదింటికి తలుపు తీస్తారంటే ఏడున్నరకే లాక్కొచ్చారని సణుగుతూ మా ఆవిడ. తరువాత, చేతుల పరిశుభ్రత స్టాలుకు బాధ్యురాలైన నర్సు. ఆపైన జనం. పదకొండు గంటలకు పక్కవీధి పాఠశాల హెడ్మాస్టరు, ఆయన వెనుక ఆ పాఠశాల వంటావిడ.

స్టాలులో ఏర్పాటు సులభమైనది. వచ్చినవారి చేతులకు నర్సు ఒక లోషను పూస్తుంది. వారు కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కుని, నల్లగుడ్డ కప్పిన పెట్టెలో చేతులు పెడతారు. లోపల నీలిదీపం ఉంటుంది. సరిగా కడగనిచోట లోషను మిగిలి మిణుగురుల్లా మెరుస్తుంది. పెట్టెలోకి తొంగిచూసి ఫలితం ప్రకటించే పని మా ఆవిడది. కుళాయి పక్కన నిలబడి, గోడకు తగిలించిన చార్టును బెత్తంతో చూపుతూ చదివి వినిపించే పని నాది.

ఆ చార్టు నా కూర్పే. నర్సు రాసిచ్చిన ఏడు సూచనలను ఆరుకు కుదించాను. వేళ్లన్నీ విడివిడిగా రుద్దాలని చెప్పిన తరువాత, బొటనవేలిని పిడికిట పట్టి తిప్పుతూ రుద్దాలని మరొక పంక్తి దేనికి? పునరుక్తి అని కొట్టివేశాను. అది ఉంటేనే మంచిదని ఆ అమ్మాయి నసిగింది. పెద్దపెద్ద అధికారుల వాక్యాలే నా కలం కింద నలిగాయని ఆమెకు నచ్చజెప్పాను.

జనం బాగా వచ్చారు. ఒక అత్తాకోడళ్లు పందెం వేసుకుని మరీ కడుక్కుని, ఇద్దరూ ఓడారు. ఒక మంగలి బొటనవేళ్లు మెరిస్తే, వెంట వచ్చినవాళ్లు, రోజంతా మా గడ్డాలకే సబ్బు రాసి నీ చేతికి మిగల్చలేదా అని ఆటపట్టించారు. నిజానికి ప్రతివారికీ బొటనవేళ్లే మెరిశాయి. చార్టును శ్రద్ధగా వినడం లేదని నేను గొంతు పెంచాను.

ఇంతలో హెడ్మాస్టరు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. గతవారం తన పాఠశాలలో పిల్లలు కొందరికి కడుపునొప్పి వచ్చిందట. అందరూ వంటింటినే వేలెత్తి చూపారు. ఈ పెట్టెలో వంటావిడ చేతులు మెరిస్తే సోమవారం నుంచి మరొకరిని పెట్టుకోవాలని కమిటీ తేల్చింది. పందొమ్మిదేళ్లుగా అక్కడ గరిటె పట్టిన మనిషి. ఆమె గాజులు పైకి తోసుకుని లోషను పూయించుకుంది.

నేను మొదటి సూచన చదివాను. ఆమె అరచేతులు రుద్దింది. అలా ఆరూ ముగించి, ఇక కడిగి పెట్టెలో పెట్టమన్నాను. ఆమె కదలలేదు.

"ఇంకా కాలేదండీ. బొటనవేళ్లు ఉండిపోయాయి."

"వేళ్లతోపాటు అవీ అయ్యాయమ్మా. చార్టులో ఉన్నంతే చెయ్యి."

"పిండి కలిపి చూడండి బాబుగారూ. నాలుగు వేళ్లూ చెప్పిన మాట వింటాయి. ఇది మాత్రం వినదు, మొండిఘటం. దీని సంగతి వేరేగా చూడాలి."

పెద్దాయన చెప్పినట్టు చేయమని హెడ్మాస్టరు గొంతు సవరించుకుని హెచ్చరించాడు. ఆమె ఆయనవైపు చూసింది, నావైపు చూసింది. "తప్పయితే తిట్టండి," అని ఎడమ బొటనవేలిని కుడి పిడికిట బిగించి, మాడిన గిన్నెను తోమినట్టు తోమింది. తరువాత రెండవది. అప్పుడు కడిగి, పెట్టెలో పెట్టింది.

మా ఆవిడ గుడ్డలోకి తల దూర్చి ఎంతకీ బయటికి తీయలేదు.

"ఏమీ కనపడట్లేదు," అంది చివరికి. "దీపం పోయిందేమో. ఏదీ, మీరు కడిగి పెట్టండి."

నేను లోషను పూయించుకుని, నా ఆరు సూచనలనూ పొల్లుపోకుండా పాటించి, చేతులు పెట్టాను. దీపానికి ఏ లోపమూ లేదు. నా బొటనవేళ్లు రెండూ దీపస్తంభాల్లా వెలిగాయి. మొదట నవ్వింది మంగలి. నర్సు మాస్కు చాటున నవ్వింది.

"నలభై ఒక్క ఏళ్లుగా నేనేం చెప్పినా పునరుక్తి అని కొట్టేస్తున్నారు," అంది మా ఆవిడ నలుగురికీ వినబడేలా. "ఇవాళ్టికి సాక్ష్యం దొరికింది."

కోపం రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. హెడ్మాస్టరు ఆమె చేతులు మళ్లీ పెట్టించి, తానూ పెట్టెలోకి తొంగిచూసి, ముందు పాఠశాల నీళ్ల ట్యాంకు తెరిపిస్తానని, సోమవారం ఎప్పటిలాగే పనిలోకి రమ్మని ఆమెకు చెప్పాడు. ఆమె తడిచేతులతోనే ముఖం తుడుచుకుంది.

నేను నర్సుకు క్షమాపణ చెప్పి, ఎర్రసిరాతో కొట్టివేసిన పంక్తిని చార్టుపై తిరిగి రాశాను. నా బెత్తం వంటావిడ చేతికిచ్చాను. సాయంత్రం తలుపులు మూసేదాకా ఆమె కుళాయి దగ్గరే ఉండి, ఓడినవారందరి చేతా మళ్లీ కడిగించింది. మంగలి రెండోసారి నెగ్గి, తన బొటనవేళ్లను పతకాల్లా అందరికీ చూపుతూ వెళ్లాడు.

కొలువు పోతుందన్న భయం ఉండి కూడా, అచ్చులోని తప్పును అచ్చువేయించినవాడి ఎదుటే నిలిచి దిద్దినది పాఠశాల వంటావిడ. చార్టులో ఏడవ సూచన మళ్లీ చోటు చేసుకున్నది ఆమె వల్లనే. ఈ విషయాన్ని కృతజ్ఞతాపూర్వకంగా ఇందులో నమోదు చేస్తున్నాను.