పూత కుదిరిన రోజు

ఎదురింటావిడ వీధంతా చెప్పుకొచ్చిన మాట ఏమిటంటే, ఆ వదినా మరిదీ పొద్దున్నే బయల్దేరేది ఉద్యోగానికి కాదట. గాజుముక్కలకు ఏదో పూసి, వాటికి దీపం పెట్టి చూసుకుని వస్తారట. ఆ మాట చెవిన పడ్డా వదిన కాదనలేదు. అందులో అబద్ధమేముంది?

ప్రయోగశాలలో ఆమె పని అదే. టెర్బియం అనే లోహాన్ని మరో మందుతో కట్టిపడేసిన ద్రవంలో వేలెడు గాజుపలకను ముంచి, ఊపిరి బిగబట్టి, పాలమీద మీగడ తీసినంత నెమ్మదిగా పైకి లాగాలి. చెయ్యి వణికితే పూత అలలు కడుతుంది. ఆరాక యూవీ దీపం కింద పెడితే పచ్చగా వెలుగుతుంది. ప్రాణవాయువు ఆ వెలుగును అణచిపెడుతుంది. గాలిలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. గదిలో గాలి చెడితే తెలియడానికే ఈ పలకలు. ఆ సంగతి ఆమెకు నోటికి వచ్చు. కానీ బల్ల దగ్గర ఆమె ఎరిగిన లెక్క ఒక్కటే: వెలిగితే మంచి పూత, మసకబారితే తిట్లు.

ఈమధ్య వరసగా మసకలే. ఈసారీ కుదరకపోతే మళ్లీ సీసాలు కడిగే పనికి పంపుతానని సారు తెగేసి చెప్పాడు. మందునీళ్లలో నాని వేళ్లు పగిలిన రోజులు తలచుకుంటే ఆమెకు అన్నం సహించడం లేదు.

మరిది అక్కడే గ్యాసు సిలిండర్లు మార్చే మనిషి. కింది అంతస్తులో సిలిండర్ల గది గోడకు బిగించడానికి కొత్త పలక అందుకుంటూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వదినా, నువ్వు పెట్టే కాఫీకన్నా పల్చగా ఉందే."

"ఆ కాఫీ తాగే ఇంత ఒళ్లు పెంచావు. పో, పలక జాగ్రత్త."

మధ్యాహ్నం మనసాగక మెట్లు దిగి, మూసిన తలుపుకున్న చిన్న అద్దంలోంచి తొంగిచూసింది. ఎదురుగోడ మీద యూవీ దీపం కింద పలక లేత నారులా పచ్చగా, ఎన్నడూ లేనంతగా మండిపోతోంది. అద్దం మీది దుమ్ము అరచేత్తో తుడిచి మరీ చూసింది. ముక్కు అద్దానికి ఆనించి, కళ్లు చెమర్చేదాకా నిలబడింది. ఆ తర్వాత తీరిగ్గా పైకెళ్లి, ఒక్కసారి వచ్చి చూడమని సారును పిలిచింది.

సారు చూశాడు. ఆమెను వెనక్కి నెట్టి, ఎవరూ తలుపు తియ్యొద్దని అరుస్తూ ఫ్యాన్ల మీట దగ్గరికి పరుగెత్తాడు.

గాలి మార్చి లోపలికి వెళ్లేసరికి సిలిండర్ల వరస వెనక, అద్దంలోంచి కనబడని చోట, మరిది గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పని మధ్యలో కాస్త నడుం వాల్చినట్టే ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. గొట్టం ఊడి గదంతా నైట్రజన్ నిండిందన్నారు. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని దగ్గనైనా దగ్గనివ్వదు.

కబురందుకుని ఆమె భర్త వచ్చాడు. తమ్ముడి పక్కన కూలబడి, జరిగింది విని, తలెత్తి భార్యను అడిగాడు.

"తలుపు దగ్గర అంతసేపు నిలబడి ఏం చేశావే?"

"మురిసిపోయాను."