అరుణకుమారి టీచర్ ఉప్పు

మూడో పీరియడ్ గంట కొట్టగానే దామోదర్ సార్ తట్టెడు మన్ను ఎత్తుకుని తొమ్మిదో తరగతి బీ సెక్షనుకు వెళ్ళేవాడు. బోడుప్పల్‌లో ఆయన తండ్రి సాగుచేసిన, ఇప్పుడు ప్లాట్లయిపోయిన చేను మన్ను అది. గోడకు ఇవతల, అదే తరగతి 'ఏ' సెక్షనులో అరుణకుమారి టీచర్ "జనాభా, పేదరికం, భూసారం" అని బోర్డు మీద రాసి, గైడులోంచి పాయింట్లు రాయించేది. ఆ యేడు నాచారం బడిలో రోజూ ఇదే వరస.

"మా తాతకు ఎనిమిదెకరాలు సార్. కొడుకులు ఐదుగురు. మా నాయన వంతుకొచ్చింది తిండికే సాలలే. పై మన్ను ఇటుక బట్టీకి అమ్మిండు," అని బీ సెక్షను అమృత చెప్పగానే, తట్టలో మన్ను ఐదు ముక్కలుగా విడిపోయి, ఒక ముక్కలో మొరం తేలింది. పిల్లలు బొమ్మ గీసుకుని తర్వాతివాడి తాత కథకు వెళ్ళారు.

అరుణకుమారి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. మన్ను మారినందుకు కాదు, ఆయన చేతిలో మారినందుకు. పదహారేళ్ళుగా పదో తరగతి సోషల్ ఆమెదే. "వచ్చే యేడు అది దామోదర్‌కు ఇద్దామనుకుంటున్న మేడం," అన్నాడు హెడ్మాస్టర్ రామచంద్రరావు.

శుక్రవారం దామోదర్ సెలవు పెట్టాడు. ఆమె స్టాఫ్‌రూంలో ఉన్న ఆయన తట్ట తెచ్చి తన క్లాసులో బల్ల మీద పెట్టి, గైడు గట్టిగా చదివింది. మన్ను కదల్లేదు. నీళ్ళు చల్లితే బురదయింది.

"గట్ల కాదు టీచర్," అంది ముందు బెంచీ గీతిక జాలిగా. "సార్ ముందుగాల తన ఇంటి ముచ్చట చెప్తడంట. మీరు గూడ చెప్పున్రి."

మా నాన్న మోతుబరి అని స్టాఫ్‌రూంలో ఇన్నాళ్ళూ కోసిన కోతలు ఆమెకు గుర్తొచ్చాయి. సిగ్గేసింది. అయినా పదో తరగతి పోవడం కన్నా నయమే అనుకుంది.

"భీమవరం పక్కన ఆరెకరాలమ్మా. మేం ఏడుగురం. తలా ఎకరం కూడా రాలేదు. వరితో ఇల్లు గడవక రొయ్యల చెరువులకు కౌలుకిచ్చాం. వాళ్ళు ఉప్పునీళ్ళు పెట్టారు, రొయ్యలకు తెగులొస్తే వదిలేసి పోయారు. ఇప్పుడక్కడ గడ్డి కూడా మొలవదు. కౌలు కాగితం మీద మొదటి సంతకం నాదే."

బురద ఆరి పైన తెల్లగా పేరింది. గీతిక వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు, టీచర్!"

నలభై ఎనిమిది మందీ వరస కట్టారు. వరండాలో పోతున్న హెడ్మాస్టర్ కూడా వచ్చి వరస చివర నిలబడి, వేలు అద్ది రుచి చూశాడు. పదో తరగతి మాట మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం దామోదర్ ఆ తెలుపును గోరుతో గీకాడు.

"యేడాది సంది మోస్తున్న. ఒక్కడు గూడ నాకి సూడలే," అన్నాడు. ఈసారి నిప్పులు ఆయన కళ్ళల్లో ఉన్నాయి.

"మన్ను మీదేనండీ, పట్టుకెళ్ళండి," అంది అరుణకుమారి, చెంచాతో పైపైన గీకి డబ్బాలోకి ఎత్తుకుంటూ. "ఉప్పు మాత్రం నాది."