ఇంట్లో తెలుగు బంద్

మా మహిత ఇంగ్లీషులో తెలుగు రాగం వినిపిస్తోందని మొదట చెప్పింది ప్రేమ మేడమ్. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, ఒక జిరాక్స్ షాపు మీది అంతస్తులో ఆమె దగ్గరే అది ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటోంది. ఫోన్లో విదేశీ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి మా పిల్ల రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మాట్లాడే పరీక్షలోనే పోయింది. మూడోసారీ పోతే ఏడాదిదాకా మళ్లీ పిలవరట. ఆ భయంతోనే చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ పోయి మేడమ్‌ను కలిశాను.

"పదాలన్నీ వచ్చు ఆంటీ," అన్నారామె. "కానీ మాట చివర సాగదీస్తుంది. తెలుగులో ఎక్కడ ఊపిరి తీసుకుంటామో, ఇంగ్లీషులోనూ అక్కడే తీసుకుంటుంది. ఈ నెలరోజులు ఇంట్లో తెలుగు కొంచెం తగ్గించండి."

ఆ సాగదీత ఎక్కడిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది నాదే. నారాయణగూడలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు టీచరు నన్ను లేపి ఇంగ్లీషు పాఠం చదవమంది. రెండు వాక్యాలు చదివానో లేదో, "ఇది పాఠమా, బతుకమ్మ పాటనా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెక్క బెంచీలు, మడిచి కట్టిన రిబ్బన్ల జడలు, గేటు దగ్గర ఉప్పుకారం చల్లిన జామకాయలు అన్నీ ముద్దుగానే కనిపిస్తాయి. కానీ ఆ రోజు తర్వాత ఇంగ్లీషులో నోరు తెరవలేదు. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను. చదువు అక్కడితో సరి.

నా గొంతే నా బిడ్డకు అడ్డం పడుతోందని అర్థమైంది. మేడమ్ కొంచెం తగ్గించమన్నారు. నాలాంటి భయస్తురాలికి కొంచెం అంటే ఎంతో ఏం తెలుస్తుంది? మొత్తం ఆపేశాను.

ఇంటికొచ్చి టీవీ ప్లగ్గు పీకేశాను. మహితతో మాట్లాడటం మానేశాను. అన్నానికి పిలవాలంటే కంచం మీద గరిటెతో కొట్టేదాన్ని. పిల్ల ముందు నువ్వూ మాట్లాడొద్దని మా ఆయనకు సైగ చేశాను.

"నాకు గూడ బందేనా? కర్ఫ్యూ పెట్టినవా ఏందే?" అన్నాడు ఉమాకాంత్. తర్వాత నవ్వుతూ, "నువ్వు జర నోరు మూసుకోవాలని ఇరవై అయిదేండ్ల సంది మొక్కుతున్న. దేవుడు ఇప్పటికి ఇన్నడు," అన్నాడు.

మహిత రెండు రోజులు గడ్డం పట్టుకుని బతిమాలింది. "అమ్మా, ఇదేం పిచ్చే? ఒక్క మాట మాట్లాడు." నేను పెదవులు బిగించుకున్నాను. మూడోరోజు నుంచి అదీ అడగటం మానేసింది.

అంతకుముందు మా ఇంట్లో సాయంత్రాలు ఇలా ఉండేవి కావు. బడి రోజుల నుంచీ అంతే, మహిత ఇంటికి రాగానే బూట్లయినా విప్పకుండా వంటింటి గట్టెక్కి కూర్చునేది. బస్సులో కండక్టరు ఎవరిని తిట్టాడో, ఎవరి టిఫిన్ డబ్బా ఎవరు తిన్నారో, అన్నీ చెప్పాలి. కాలేజీకి వెళ్లినా ఆ గట్టు వదల్లేదు. ఇప్పుడు వస్తుంది, కాళ్లు కడుక్కుంటుంది, ఫోన్ పట్టుకుని గదిలోకి పోతుంది. వంటింట్లో కుక్కర్ కూత తప్ప చప్పుడు లేదు. దాని మంచికే కదా అని గుండె రాయి చేసుకున్నాను.

మూడు వారాలకు ప్రేమ మేడమ్ నన్ను రమ్మని ఫోన్ చేశారు.

"ఇంట్లో ఏమైంది ఆంటీ? ఎవరికైనా బాగాలేదా?"

"ఎందుకు మేడమ్?"

"సాగదీత తగ్గింది. దాంతోపాటు మాట కూడా తగ్గిపోయింది. నిన్న ఏం చేశావో చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి ఆగిపోతోంది. మునుపు తప్పో ఒప్పో పది నిమిషాలు ఆపకుండా చెప్పేది. పరీక్ష ఇంకో ఆరు రోజులే ఉంది."

నేను చేసిన పని చెప్పాను. ఆమె తల పట్టుకున్నారు. "చెప్పాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా ఆంటీ! మీరు గోడలా కూర్చుంటే పిల్ల ఎవరికి చెప్తుంది?"

ఎలా ఇల్లు చేరానో తెలియదు. మహిత రాగానే చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.

"కూసో. పొద్దున్నుంచి ఏమేమైందో చెప్పు. ఇంగ్లీషులనే చెప్పు."

నా గొంతు విని అది బిత్తరపోయింది. "నీకేం అర్థమైతదే?"

"నాకెందుకు అర్థం కావాలె? పరీక్ష నాకా?"

"మరి నువ్వేం చేస్తవ్?"

"ఊ కొడత."

మూడు వారాలకు మా పిల్ల నవ్వింది. గట్టెక్కి కూర్చుని మొదలుపెట్టింది. ముషీరాబాద్‌లో మా నానమ్మ డాబా మీద పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని కథ చెప్పేది. మేం ఊ అనకపోతే అక్కడే ఆపేసేది. రాజు గుర్రం మీదే, రాక్షసుడు గుహలోనే. అలాగే ఇప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఊ అన్నాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కడ ఊ అనాలో తెలిసిపోయింది. మేం తెలుగులో ఆగేచోటే అది ఇంగ్లీషులోనూ ఆగుతోంది. సంతోషమేసింది. ఆ వెంటనే భయమేసింది. అంటే రాగం ఎక్కడికీ పోలేదన్నమాట!

పరీక్ష ఫోన్లోనే. "నువ్వు ఎదురుంగ కూసో. చప్పుడు చెయ్యకు," అంది మహిత. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. వాళ్లు ఏదో అడిగారు. అది నా మొహంలోకి చూస్తూ చెప్పుకుపోయింది. మధ్యలో చిక్కడపల్లి అన్నది ఒక్కటే తెలిసింది. ఎప్పుడు జారిందో కొంగు, నోట్లోంచి "ఊ" అని వచ్చేసింది.

అవతల మనిషి దాన్ని మధ్యలో ఆపి ఏదో అడిగాడు. మహిత ఏదో అంది. అయిపోయింది, నా బిడ్డ ఉద్యోగం నా నోటితోనే పోయిందనుకున్నాను. ఆయనేం అడిగాడని పిల్లను అడగడానికే నాలుగు రోజులు భయపడ్డాను.

ఐదోరోజు మెయిల్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది! మాట ధారాళంగా ఉందట. మాతృభాష యాస వినిపిస్తోంది, కొంత శిక్షణ అవసరమని కూడా రాశారట.

"మరి ఆ రాగం చూసి రేపు తీసేస్తే?"

"అమ్మా! జర సంతోషపడు."

"ఆ రోజు నేను ఊ అంటే ఆయనేం అడిగిండు?"

"ఊ అన్నదెవరన్నడు. మా అమ్మ అన్న. ఆమెకు ఇంగ్లీష్ వచ్చా అన్నడు. రాదు గాని మంచిగ ఇంటది అన్న."

కళ్లు తుడుచుకుని పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టాను. వచ్చే సోమవారం చేరాలి. ఇప్పుడు నన్ను పట్టుకున్న భయం ఒక్కటే. ఫోనుకు అవతల ఉండే ఆ దేశాలవాళ్లకు ఊ కొట్టే అలవాటు ఉంటుందో, ఉండదో.