రెండో పెట్టె

కోడలు ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని, ఫోను దిండుకు ఆనించి డాక్టరుగారి ముఖం వైపు చూస్తోంది. డాక్టరుగారు ఏదో చెప్పబోతూ నోరు తెరిచారు. తెరిచిన నోరు తెరిచినట్లే బొమ్మలా నిలిచిపోయింది. దాని మీద చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మళ్ళీ పోయింది," అంది కోడలు. ఆ గొంతులో విసుగు కన్నా భయమే ఎక్కువ. ఆమెకు ఏడో నెల. కాలు కింద పెట్టవద్దనీ, వారం వారం వీడియోలోనే చూస్తాననీ డాక్టరుగారు చెప్పి పంపారు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి. భవనంలో చిన్నా పెద్దా అందరూ 'పెద్ద టీచరుగారు' అనే పిలుస్తారు. ఆవిడ భర్త ఆ భవనానికి సెక్రటరీ. ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరింట్లో కీచులాట జరిగినా ఆ గుమ్మానికి రాక తప్పదు.

"ఇదంతా ఆ పై అంతస్తు మహాతల్లి నిర్వాకం. అందరికీ రావలసిన నెట్ ఆవిడే తాగేస్తోంది," అంది పెద్ద టీచరుగారు పైకప్పు వైపు చూస్తూ.

పై అంతస్తులో అద్దెకు దిగిన అమ్మాయి గురించి భవనంలో ఎవరికీ పెద్దగా తెలియదు. ఒంటరిగా ఉంటుంది. మాటలు సరిగా రాని పిల్లలకు కంప్యూటరు ముందు కూర్చుని వీడియోలో మాటలు నేర్పుతుంది. మెట్ల మీద ఎదురైతే నవ్వుతుంది తప్ప నిలబడి కబుర్లు చెప్పదు. తెలియని మనిషి గురించి మనకు తోచింది అనుకోవడం ఎంత సుళువో మీకు వేరే చెప్పాలా? 'పొద్దస్తమానం నెట్‌లోనే ఉంటుందట' అని ఒకరన్నారు. 'ఏం పనో ఏమిటో' అని ఇంకొకరు దీర్ఘం తీశారు. నెట్ మొరాయించడం మొదలయ్యేసరికి అందరి చూపులూ ఆ తలుపు వైపే తిరిగాయి.

ఆ భవనంలో నెట్ అందరికీ ఉమ్మడి. మెట్ల కింద అలమరలో పెద్ద పెట్టె ఒకటి ఉంటుంది. దానిలోంచి ఇంటింటికీ ఒక వైరు వెళుతుంది. సెక్రటరీగారింట్లో ఆ వైరు ముందుగదిలోని కంప్యూటరు దగ్గర ఆగిపోయింది. కోడలు పడుకునేది వెనక గదిలో. మంచం ముందుకు తెద్దామంటే వచ్చేపోయేవాళ్ళ మధ్య ఆ పిల్ల ఎలా పడుకుంటుంది? కొడుకు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. అందుకని పెద్ద టీచరుగారే దుకాణానికి వెళ్ళి ఒక వైఫై రూటరు కొనుక్కొచ్చింది. "పాత వైరు ఉండనే ఉంది. దాన్ని కంప్యూటరులోంచి పీకి ఇందులో గుచ్చడానికి మెకానిక్ కూడా దేనికండీ?" అని భర్తతో అని, తానే బల్ల కింద దూరి గుచ్చింది. దీపాలు వెలిగాయి. వెనక గదిలో ఫోను పనిచేసింది. ఆ రోజంతా ఆవిడ తల ఎత్తుకునే తిరిగింది. ఆ మర్నాటి నుంచే భవనమంతా ఈ గొడవ.

మెకానిక్ వచ్చి మెట్ల కింద అలమర తెరిచి చాలాసేపు చూశాడు. "సార్, ఫోనుకైనా కంప్యూటరుకైనా ఈ పెట్టె ఒక నంబరు ఇస్తేనే నెట్ వస్తుంది. ఎవరింట్లోనో రెండో పెట్టె ఉంది. అది కూడా నంబర్లు పంచుతోంది. దాని నంబరు తగిలినవాళ్ళకి నెట్ రాదు. ఇల్లిల్లూ చూడాలండీ," అన్నాడు సెక్రటరీగారితో.

"ఇల్లిల్లూ సోదా చేస్తావా? ఇవన్నీ సంసారులుండే ఇళ్ళు. పై అంతస్తు ఒక్కటీ చూడు చాలు," అన్నారాయన.

మెకానిక్ పైకి వెళ్ళి చూసి, అక్కడ కంప్యూటరుకు తగిలించిన వైరు తప్ప ఏమీ లేదని చెప్పాడు. "నువ్వు వస్తున్నావని దాచేసి ఉంటుంది," అన్నారు సెక్రటరీగారు. ఆ సాయంత్రానికే డాబా మీద మీటింగు ఏర్పాటు చేశారు. ఆ అమ్మాయి చేత ఇల్లు ఖాళీ చేయించమని ఇంటి ఓనరుకు అందరి తరఫునా చెప్పాలని ఆయన ఉద్దేశం. ఇంటికి వచ్చి భార్యతో, "ఎవరో దొంగ పెట్టె పెట్టారట," అని మాత్రం చెప్పి బయటికి వెళ్ళిపోయారు. తాను దర్జాగా కొని తెచ్చిన రూటరు దొంగ పెట్టె అవుతుందని ఆవిడకు ఎలా తడుతుంది?

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పై అంతస్తు అమ్మాయి.

"టీచరుగారూ, సార్ ఉన్నారా అండీ?"

"లేరు. చెప్పాల్సింది ఉంటే సాయంత్రం మీటింగులో చెప్పు," అంది పెద్ద టీచరుగారు, గుమ్మానికి అడ్డంగా నిలబడే.

"ఆ మీటింగు నా గురించేనని తెలుసండీ. ఇల్లిల్లూ చూడాలని మెకానిక్ చెప్పాడట, అయినా మా ఇల్లొక్కటే చూపించారు. అందరి ఇళ్ళలోనూ చూపించమని అడుగుదామని వచ్చాను." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నా దగ్గర నేర్చుకునే పాప ఒకతె ఉంది. ఇన్నాళ్ళూ సైగలే. మొన్న మొదటిసారి 'నాన్న' అనడానికి నోరు తెరిచింది. సగంలో నెట్ పోయింది. తనే ఏదో తప్పు చేశాననుకుంది కాబోలు, ఇక నోరు తెరవడం లేదు."

పెద్ద టీచరుగారు గుమ్మంలోంచి కాస్త పక్కకు జరిగింది. ఎంతోమంది పిల్లల చేత మొదటి అక్షరం పలికించిన మనిషి ఆవిడ.

"అత్తయ్యా, ఆవిడని లోపలికి రమ్మనండి. ఇక్కడ డాక్టరుగారు కూడా సగంలోనే ఉన్నారు," అంది వెనక గదిలోంచి కోడలు.

అమ్మాయి లోపలికి వచ్చి, బల్ల కింద మెరుస్తున్న దీపాలు చూసి ఆగిపోయింది. "ఇది ఎప్పుడు పెట్టారండీ?"

"కోడలి కోసం నేనే పెట్టాను. ఏం?"

"ఒక్కసారి వైరు తీసి చూద్దామా?"

"అంటే ఆ దొంగ పెట్టె మా ఇంట్లోనే ఉందంటావా?" పెద్ద టీచరుగారి గొంతు లేచింది.

"అలా అనడం లేదండీ. తీసి చూస్తే పోయేదేముంది?"

పెద్ద టీచరుగారు మూతి ముడుచుకుంటూనే బల్ల దగ్గరికి వెళ్ళింది. వంగి వైరు పీకింది. ఎదురింటి తాతగారు వార్తల కోసం పొద్దుటి నుంచీ టీవీ ఆపుతూ వేస్తూ నెట్‌ను తిడుతున్నారు. కాసేపటికి ఆ తిట్లు ఆగి, తలుపులు అదిరేలా వార్తలు మొదలయ్యాయి. కింద ఇంట్లోంచి ఎవరో, "వచ్చింది, వచ్చింది," అని అరిచారు. పెద్ద టీచరుగారు వైరు చేత్తో పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది.

"అయితే... నేనేనా?" అంది చిన్నగా.

అమ్మాయి నవ్వలేదు. బల్ల దగ్గర కింద కూర్చుని రూటరును వెనక్కి తిప్పి చూపించింది. "ఈ నాలుగు పసుపు కన్నాలూ మీ ఇంట్లో వాడుకోవడానికండీ. విడిగా నీలం రంగుది ఉంది చూడండి, బయటి నుంచి వచ్చే వైరు అందులో పెట్టాలి. మీరు పసుపుదాంట్లో పెట్టారు. దాంతో ఇది మీ ఇంటికే ఇవ్వాల్సిన నంబర్లు భవనం మొత్తానికీ ఇచ్చేసింది. అందరికీ జరిగే పొరపాటే."

పెద్ద టీచరుగారు తన చేతులతోనే వైరును నీలం కన్నంలో పెట్టింది. అమ్మాయి కోడలి ఫోను ఆపి మళ్ళీ వేసి, డాక్టరుగారికి కాల్ కలిపింది. చక్రం మాయమై డాక్టరుగారు తెర మీదకు వచ్చారు. ఈసారి మాట పూర్తిగా వినిపించింది. "బీపీ దిగింది. మొన్నటి స్కానింగులో బిడ్డ ఎదుగుదల బాగుంది. కంగారు పడాల్సిందేమీ లేదు." కోడలు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట మాత్రమే తుడుచుకుందో లేదో ఆవిడకే తెలియాలి.

"నేను ఎవరికీ చెప్పనండీ. నెట్ బాగైంది, అది చాలు," అని అమ్మాయి మెల్లగా పైకి వెళ్ళిపోయింది.

ఆ మాట వినగానే పెద్ద టీచరుగారికి గుండెల మీది బరువు దిగినట్లే అనిపించింది. ఆవిడ పరువు ఆవిడకు దక్కింది. కానీ సాయంత్రం డాబా మీద భర్త లేచి మాట్లాడుతుంటే ఆ నిశ్చింత కాస్తా ఎగిరిపోయింది.

"చూశారా, మీటింగు అనేసరికి నెట్ దానంతట అదే బాగైపోయింది. భయపడి తీసేసిందన్నమాట," అంటున్నారు సెక్రటరీగారు. అందరూ తలలూపుతున్నారు. గోడవారన నిలబడిన ఆ అమ్మాయి తల వంచుకుంది. ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు మెదపలేదు.

పెద్ద టీచరుగారు లేచి నిలబడింది. "ఆ పెట్టె మా ఇంట్లోది. పెట్టింది నేను," అంది.

"నువ్వు కూర్చో," అన్నారు భర్త కంగారుగా.

"కూర్చోనండీ. చెప్పనివ్వండి." ఆవిడ గొంతు బడిలో వినిపించినట్లే స్పష్టంగా ఉంది. "వైరు తప్పు కన్నంలో పెట్టాను. తెలియక చేశాను కాబట్టి దానికి నేను సిగ్గుపడను. ఇల్లిల్లూ చూడాలని మెకానిక్ చెబితే మనం ఒక్క ఇల్లే చూపించాం. ఎందుకంటే ఆ ఇంట్లో ఒంటరి ఆడపిల్ల ఉంది, తన తరఫున మాట్లాడే మనిషి లేడు. సిగ్గుపడాల్సింది దానికి. అమ్మాయ్, వచ్చి ఈ కుర్చీలో కూర్చో. నన్ను క్షమించు."

 ఎదురింటి తాతగారు, "మరి నేను తిట్టిన తిట్లన్నీ టీచరుగారికేనా?" అన్నారు దిగులుగా. డాబా అంతా గొల్లున నవ్వింది. సెక్రటరీగారు మొదట ముఖం ముడుచుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, "తప్పు నాది కూడానమ్మా. ఈ ఇంట్లో నువ్వు ఉండాలనుకున్నన్నాళ్ళూ ఉండు," అన్నారు. ఆ అమ్మాయి తలెత్తి అందరి వైపూ చూసింది. వచ్చి టీచరుగారు చూపిన కుర్చీలో కూర్చుంది.

ఏదైనా చెడినప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళ మీదా, ఒంటరిగా ఉన్నవాళ్ళ మీదా నింద వేసే ముందు, మన ఇంటి బల్ల కిందకు ఒక్కసారి వంగి చూసుకోవడం మన ధర్మం.